నాలుగింటి తీపి యావ: నా అనుభవం

రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.9 శాతం వచ్చింది. గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష ఇది. 5.7 కంటే తక్కువ ఉంటే మామూలు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే మధుమేహం. ఈ రెంటికీ నడుమ ఉన్నది మధుమేహానికి ముందు దశ. డాక్టరుగారు మందులు రాయలేదు. తీపి తగ్గించండి, రోజూ నడవండి, కొన్ని నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకుని రండి అన్నారు.

భోజనం తగ్గించుకోవడం నాకు పెద్ద కష్టం కాదు. నడక అంతకన్నా కష్టం కాదు. తీపి సంగతి మాత్రం వేరు. కడుపు నిండుగా ఉన్నా సరే, రోజూ ఏదో ఒక వేళకు నోరు తీపి అడిగేది. కాదనడం చేతనయ్యేది కాదు. అదంతా మనోబలానికి సంబంధించిన విషయమని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. యావ పుట్టిన క్షణంలో మనోబలం చేయగలిగింది చాలా తక్కువ. చేయాల్సిన పనంతా అంతకు ముందు గంటల్లోనే ఉంది. ఇది నాకు ఎలా తెలిసివచ్చిందో, ఏమేం చేశానో వివరంగా రాస్తున్నాను. ఇదే బాధ పడుతున్నవాళ్లు చాలామందే ఉంటారు.

నేను సలహాకు వెళ్లిన పోషకాహార నిపుణురాలు ముందుగా ఒక వింత మాట చెప్పారు. "ఇప్పుడే ఏదీ మానకండి. కొన్నాళ్లు రాసుకోండి, చాలు." తీపి మీదికి మనసు పోయిన ప్రతిసారీ టైమెంత, ఎక్కడ ఉన్నాను, అంతకు ముందు ఏం తిన్నాను, ఎంతసేపటి క్రితం తిన్నాను, రాత్రి ఎంత నిద్రపోయాను, ఇవి రాయాలి. తిన్నానా లేదా అన్నది ఆఖరున ఒక్క మాటలో రాస్తే చాలన్నారు.

రాయగా తేలిందేమిటంటే, నా యావ రోజంతా ఉండేది కాదు. పొద్దున అసలు ఉండదు. మధ్యాహ్న భోజనం తరువాత కాస్త. గట్టిగా పట్టుకునేది సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో, మళ్లీ రాత్రి భోజనమయ్యాక టీవీ ముందు. సెలవు రోజున నేను ఇంట్లో లేకపోతే నాలుగింటికి దాని ఊసే ఉండదు. అదే శరీరం, అవే గంటలు. చోటు మారితే యావ లేదు.

నాలుగింటికి జరిగేదాన్ని ఒకరోజు పట్టిపట్టి గమనించాను. మూడున్నర దాటాక చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంటాను. అవతలి గదిలో ఎవరో టీ కప్పులు సర్దుతున్న చప్పుడవుతుంది. ఆ చప్పుడుకే నోట్లో నీళ్లూరతాయి. చెయ్యి బల్ల కింది సొరుగు మీదికి పోతుంది. అందులో చాక్లెట్ ఉందని గుర్తు చేసుకునే పని కూడా లేదు. రేకు కాగితం చించుతుంటే వచ్చే చిన్న శబ్దానికి బిగుసుకున్న భుజాలు సడలుతాయి. మొదటి ముక్క రుచి బాగా తెలుస్తుంది, రెండోదాని రుచి కొంచెం. ఆ తరువాతివి నమలడమే తప్ప రుచి పట్టింపు లేదు, చూపు అప్పటికే తెర మీదికి వెళ్లిపోతుంది. "చాక్లెట్ నోట్లో పడకముందే హాయి మొదలైంది" అని ఆరోజు పుస్తకంలో రాసుకున్నాను. నేను తరువాత చదివినవాటిలో సగం ఆ ఒక్క వాక్యానికి వివరణలాగే అనిపించాయి.

1990లలో వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ అనే నాడీశాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలు ఈ రంగంలో చాలా పేరున్నవి. కోతి నోట్లో పండ్లరసం చుక్క పడగానే మెదడు లోపలి భాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు చురుగ్గా స్పందించేవి. రసం ఇచ్చే ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టారు. కొంతకాలానికి ఆ కణాలు దీపం వెలగగానే స్పందించసాగాయి, రసం పడినప్పుడు మామూలుగా ఉండిపోయాయి. ఆపైన దీపం వెలిగించి రసం ఇవ్వకుండా చూశారు. రసం పడవలసిన సరిగ్గా ఆ క్షణంలో ఆ కణాల చురుకు మామూలు కంటే కిందికి పడిపోయింది. అంటే డోపమైన్ సుఖాన్నిచ్చే రసాయనం అన్నదానికంటే, రాబోయేదాన్ని అంచనా వేసి, అంచనాకూ జరిగినదానికీ తేడాను మెదడుకు నేర్పే సంకేతం అంటే సరిగ్గా ఉంటుంది.

నా కప్పుల చప్పుడు ఆ దీపమే. నాలుగింటికి చాక్లెట్ తినకుండా కూర్చున్న రోజు కలిగే చిరాకు, ఏదో పోగొట్టుకున్నట్టుండే ఆ వెలితి, రసం పడని ఆ క్షణం లాంటిదేనని నాకు అనిపించింది. ఇది తెలిశాక నా మీద నాకున్న కోపం చాలావరకు తగ్గింది. మెదడు తన పని తాను చేస్తోంది. ఎన్నో ఏళ్లుగా నేనే ఇచ్చిన పాఠాన్ని అది బుద్ధిగా నేర్చుకుంది.

ఇంకో విషయం కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త పరిశోధనల గురించి చదివి తెలుసుకున్నాను. కోరుకోవడం వేరు, ఆస్వాదించడం వేరు, మెదడులో ఈ రెంటికీ వేర్వేరు ఏర్పాట్లున్నాయని ఆయన చూపించారు. డోపమైన్ దాదాపుగా లేకుండా చేసిన ఎలుకలు తమంతట తాము తిండి దగ్గరికి వెళ్లవు. కానీ నోట్లో చక్కెర నీళ్లు పోస్తే పెదవులు నాకుతూ ఇష్టాన్ని మామూలుగానే చూపిస్తాయి. కోరిక పోయినా రుచి పోలేదు. మనుషుల్లో కనిపించేది చాలాసార్లు దీనికి తలకిందులు: కోరిక రోజురోజుకీ పెరుగుతుంది, రుచి అక్కడే ఉంటుంది. మూడో ముక్క, నాలుగో ముక్క రుచి తెలియకుండానే నేను ఎందుకు తింటున్నానో ఇక్కడ అర్థమైంది.

మెదడుకు చక్కెర కావాలి కదా, పని ఎక్కువైనప్పుడు అదే అడుగుతుంది కదా అని చాలామంది అంటారు. సగం నిజం. మెదడు బరువు శరీరం బరువులో 2 శాతమే అయినా, శరీరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 శాతం దానిదే. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. అయితే ఆ గ్లూకోజ్ చాక్లెట్ నుంచే రావాలని లేదు. అన్నం, రొట్టె, పప్పు, పండు, ఏది తిన్నా అందులోంచి వస్తుంది. భోజనానికీ భోజనానికీ మధ్య కాలేయం తన నిల్వల్లోంచి రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మధ్యాహ్నం భోజనం చేశాక నాలుగింటికల్లా మెదడుకు గ్లూకోజ్ కరువు రాదు. కాబట్టి ఆ వేళ తీపి అడుగుతున్నది అవసరం కాదు, అలవాటు.

తీపి కూడా మత్తుపదార్థమే అనే మాట బాగా ప్రచారంలో ఉంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎలుకలకు రోజూ కొన్ని గంటలు తిండి ఆపి, ఆపైన చక్కెర నీళ్లు ఇస్తూ చూసినప్పుడు అవి ఒక్కసారిగా ఎగబడి తాగడం, ఆపేస్తే ఇబ్బంది పడటం వంటి లక్షణాలు కనిపించిన మాట నిజం. కానీ ఆ లక్షణాలు అలా ఆకలితో ఉంచి ఇచ్చినప్పుడే ముఖ్యంగా కనిపించాయి. మనుషుల విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే అధికారిక జాబితాలో తీపి వ్యసనం లేదు. నా మట్టుకు నాకు ఆ మాట వాడటం ఇష్టం లేదు. వ్యసనం అనుకున్న మనిషి తన చేతిలో ఏమీ లేదనుకుంటాడు, లేదా జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకుంటాడు. రెండూ నాకు పనికిరావు. ఎలుకల ప్రయోగం నాకు వేరే పాఠం చెప్పింది: కడుపు మాడ్చుకుని ఆపైన తీపి ముందు కూర్చోకూడదు.

పని అక్కడే మొదలుపెట్టాను. నా పుస్తకంలో యావ బాగా పట్టిన రోజులన్నిటికీ ఒక పోలిక ఉంది. ఆ రోజుల్లో పొద్దున టీ బిస్కట్లతో సరిపెట్టి, మధ్యాహ్నం హడావిడిగా ఏదో తిన్నాను. పిండిపదార్థం ఒక్కటే తింటే రక్తంలో చక్కెర గబగబా పెరిగి, అంతే గబగబా దిగుతుంది. తిన్న రెండు మూడు గంటలకు అది మొదటి స్థాయికన్నా కిందికి దిగేవాళ్లకు ఆకలి తొందరగా, ఎక్కువగా వేస్తుందని 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. పొద్దున గుడ్లో, పప్పుతో చేసిందో, పెరుగో తప్పనిసరి చేసుకున్నాను. మధ్యాహ్నం ముందు కూరగాయలు, పప్పు తిని, పిండిపదార్థం చివర తినడం అలవాటు చేసుకున్నాను. తినే వరుస మార్చినంత మాత్రాన భోజనం తరువాత చక్కెర అంతగా పెరగదని పరీక్షించి చూసినవాళ్లున్నారు. నాలుగింటి యావ దీనితో పోలేదు గానీ పట్టు సడలింది. కడుపులో ఆకలి, తలలో అలవాటు రెండూ కలిసి వచ్చినప్పుడు ఎదుర్కోవడం నావల్ల కాలేదు. అలవాటు ఒంటరిగా వస్తే దానితో మాట్లాడవచ్చు.

తరువాత దీపం సంగతి చూశాను. సొరుగు ఖాళీ చేసి అందులో కాగితాలు పెట్టాను. చాక్లెట్ ఇంట్లో ఉంటే ఉండనీ, చేతికందే దూరంలో మాత్రం ఉండకూడదని పెట్టుకున్నాను. కప్పుల చప్పుడుకు ముందే లేచి బయటికి వెళ్లిపోవడం మొదలుపెట్టాను. కాసేపు చురుగ్గా నడిచి వస్తాను. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ టేలర్ బృందం 15 నిమిషాల నడకకు చాక్లెట్ యావ తగ్గుతుందని చూపించింది. నాకు అది అక్షరాలా పనిచేసింది. మొదటి రోజుల్లో నడిచి వచ్చాక కూడా చెయ్యి సొరుగు మీదికి పోయేది. కొన్ని వారాలకు అదీ పోయింది.

నడవడానికి వీలు కాని రోజులుంటాయి. ఫోను మీద ఎవరో మాట్లాడుతుంటారు, పని గడువు మెడ మీద ఉంటుంది. అలాంటప్పుడు నాకు అన్నిటికంటే ఉపయోగపడినది ఒక చిన్న ఉపాయం. దీని గురించి ఎక్కువగా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే దీన్ని చెప్పేవాళ్లు తక్కువ. యావ పుట్టాక దాన్ని పెంచేది మన మనసు గీసే బొమ్మ. చాక్లెట్ ఆకారం, అది విరిగే తీరు, వాసన, నాలుక మీద కరగడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి లోపల కనిపిస్తాయి. కనిపించే కొద్దీ యావ ముదురుతుంది. జాకీ ఆండ్రేడ్, జాన్ మే, డేవిడ్ కవానా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ఊహాచిత్రాలే యావకు ప్రాణమని వాదించారు. మనసు ఒకేసారి రెండు బొమ్మలను స్పష్టంగా గీయలేదు కాబట్టి, దానికి వేరే బొమ్మ పని అప్పగిస్తే మొదటిది మసకబారుతుంది. ముక్కలు పేర్చే టెట్రిస్ అనే కంప్యూటర్ ఆట కొద్ది నిమిషాలు ఆడించి చూస్తే యావ తీవ్రత తగ్గిందని 2014లో ప్రచురించారు కూడా.

నేను ఆట ఆడను. చిన్నప్పుడు చదువుకున్న బడిలోకి ఊహలో నడుచుకుంటూ వెళతాను. గేటు, దాని పక్కన చెట్టు, వరండా, నా తరగతి గది, అందులో నల్లబల్ల ఏ గోడకు ఉందో, కిటికీ ఊచలు ఎన్నో. ఊచల దగ్గరికి వచ్చేసరికి చాక్లెట్ బొమ్మ చెదిరిపోయి ఉంటుంది. "తినకూడదు, తినకూడదు" అని లోపల అనుకోవడం వల్ల మాత్రం ఏ ఉపయోగమూ కనబడలేదు. వద్దనుకున్నదాన్ని తలచుకోవద్దని పట్టుబడితే అదే తలలో తిరుగుతుందని డేనియల్ వెగ్నర్ 1987లోనే ప్రయోగం చేసి చూపించారు.

ఒకటి రెండుసార్లు ఏమీ చేయకుండా ఊరికే గమనిస్తూ కూడా కూర్చున్నాను. యావ పెరుగుతుంది, ఇక ఆగదనిపిస్తుంది, అక్కడి నుంచి తగ్గుముఖం పడుతుంది. వ్యసనాల చికిత్సలో అలన్ మార్లట్ దీన్ని కెరటంతో పోల్చారు. కెరటం మీద తేలుతూ ఉండాలే తప్ప దానితో కుస్తీ పట్టకూడదని ఆయన చెప్పేవారు. యావను తీర్చకపోయినా అది తనంతట తానే దిగిపోతుందని ఒక్కసారి కళ్లారా చూస్తే దాని మీద భయం పోతుంది.

చక్కెరకు బదులు కృత్రిమ తీపి బిళ్లలు వేసుకోమని కొందరు స్నేహితులు చెప్పారు. కొన్నాళ్లు టీలో వేసుకున్నాను. నాలుక సరేనంది, మిగతా శరీరం ఒప్పుకున్నట్టు లేదు. టీ తాగిన కాసేపటికి మళ్లీ ఏదో కావాలనిపించేది. దీనికీ ఒక కారణం ఉండవచ్చు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జుకర్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగంలో ఎలుకల ముందు ఒక సీసాలో చక్కెర నీళ్లు, మరో సీసాలో కృత్రిమ తీపి నీళ్లు పెట్టారు. మొదట రెండూ సమానంగా తాగాయి. రెండు రోజులు గడిచేసరికి దాదాపు చక్కెర వైపే వెళ్లాయి. తీపి రుచి తెలియని ఎలుకలు సైతం అలాగే చేశాయి. పేగుల్లోని కణాలు చక్కెరను గుర్తించి వేగస్ నాడి ద్వారా మెదడుకు నేరుగా కబురు పంపుతున్నాయి. కృత్రిమ తీపి తీసుకుంటే ఆ కబురు వెళ్లదు. బరువు తగ్గడానికి ఈ పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. నేను బిళ్లలు ఆపేసి, టీలో అసలు చక్కెరనే మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాను.

ఎంత తగ్గించాలన్నదానికీ లెక్క ఉంది. రోజు మొత్తం తీసుకునే శక్తిలో కలిపిన చక్కెరలు, తేనె, పండ్లరసాల చక్కెరలు అన్నీ కలిసి 10 శాతానికి లోపే ఉండాలని, 5 శాతానికి దిగితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. సగటు మనిషికి 10 శాతమంటే సుమారు 50 గ్రాములు, 5 శాతమంటే 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. పండును పండుగా తింటే ఈ లెక్కలోకి రాదు. వంటింట్లోని చిన్న కాటా మీద నా టీ చక్కెర తూచి చూశాను. చదునుగా తీసిన చెంచా నాలుగు గ్రాములు తూగింది. నేను రోజూ వేసుకునే గోపురం చెంచా దానికి దాదాపు రెట్టింపు. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో సుమారు 35 గ్రాములుంటుంది, తొమ్మిది చెంచాలకు కాస్త తక్కువ. అప్పటి నుంచి ప్యాకెట్ వెనుక అంకెను నాలుగుతో భాగించి చెంచాల్లో చదువుతున్నాను. డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, పండ్లరసం గాఢద్రవం, ఇవన్నీ చక్కెరలే.

నిద్ర గురించి నేను చెప్పేది తక్కువే గానీ అది చిన్న విషయం కాదు. 2004లో ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్ల మనసు ముఖ్యంగా తీపి, ఉప్పటి చిరుతిళ్ల మీదికి పోయింది. నా పుస్తకంలోనూ నిద్ర తక్కువైన రాత్రి పక్కన మరునాటి యావ ఎక్కువగా కనిపిస్తుంది. ఇప్పుడు నిద్ర చాలని రోజున నాలుగింటికి పండూ, కాసిని గింజలూ ముందే సిద్ధం చేసుకుంటాను. ఆ రోజు నా నుంచి ఎక్కువ ఆశించను.

మొదటి వారాల్లో తలనొప్పి, చిరాకు ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిదయింది. ఆ దశ దాటాక జరిగినది నాకు నిజంగా సంతోషాన్నిచ్చింది: నాలుక మారింది. పాత కొలతతో కలిపిన టీ ఒక స్నేహితుడి ఇంట్లో తాగితే గొంతులో పట్టుకుంది. అమెరికాలో 2016లో ప్రచురించిన అధ్యయనంలో మూడు నెలల పాటు చక్కెర తగ్గించినవాళ్లకు అదే పదార్థం మునుపటికన్నా ఎక్కువ తియ్యగా అనిపించింది. అయితే ఎంత తీపి హాయిగా ఉంటుందన్నది వాళ్లకు అంతగా మారలేదు. నాకు రెండూ మారాయనిపిస్తోంది, బహుశా నేను ఇంకా ఎక్కువ కాలం కొనసాగించినందువల్ల కావచ్చు.

తీపి పూర్తిగా మానలేదు, మానే ఉద్దేశం లేదు. ఎవరి పుట్టినరోజుకైనా కేకు తింటాను. కూర్చుని, వేరే పని పెట్టుకోకుండా, రుచి తెలిసినంతసేపే తింటాను. అలా తింటే చిన్న ముక్క సరిపోతుంది.

ఒక జాగ్రత్త. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెర పడిపోయేలా చేసే కొన్ని మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు నేను చెప్పినట్టు యావను గమనిస్తూ కూర్చోకూడదు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక ఉంటే అది చక్కెర పడిపోవడం కావచ్చు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు పరీక్షించి చూసుకోవాలి. తినడం గురించి ఇప్పటికే భయంతో, అపరాధభావంతో సతమతమయ్యేవాళ్లు కూడా ఇలా రాసుకోవడం, తూచుకోవడం వైద్యుల తోడు లేకుండా మొదలుపెట్టకపోవడమే మంచిది.

మళ్లీ చేయించుకున్న పరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.6 వచ్చింది. అందులో నడక వాటా ఎంతో, తీపి తగ్గించిన వాటా ఎంతో విడదీసి చెప్పలేను. రాత్రి టీవీ ముందు యావ ఇంకా లొంగలేదు. భోజనమయ్యాక ఇంట్లో అందరం ఒకే సోఫాలో కూర్చుంటాం, పక్కవాళ్ల చేతిలో ఏదో ఉంటుంది. సోఫా బదులు కుర్చీలోకి మారి చూస్తున్నాను. టీవీ చూసే వేళకు ముందే పళ్లు తోముకుంటున్నాను. రెండోది కొంచెం ఎక్కువ పనిచేస్తున్నట్టుంది. పుస్తకంలో ఆ గడి కింద రాస్తూనే ఉన్నాను.